తునికాకు ముక్క

తాడ్వాయి దాటి, రోడ్డిడిసి,
రాళ్లతోగు ఒడ్డు పట్టుకొని నడిస్తే
నల్లమద్దుల కింద ఓ బండ ఉంటది.
పుష్యమాసం రాత్రి, నాకు పదకొండేండ్లు,
ఆ బండ మీద ముగ్గురం:
బర్మారు తుపాకితోని ఎర్రయ్య మామ,
గొడ్డలితోని దుగ్గయ్య,
అగ్గిపెట్టెతోని నేను.

అగ్గిపెట్టె మొయ్యుడే నా పని.
మొదటిపారి ఏటకొచ్చిన పోరనికి
అంతకన్న పెద్ద కొలువియ్యరు.

సలి ఎట్లుందంటే
పండ్లు నావి, కొరుకుడు దానిది.

దుగ్గయ్య అప్పటికే ఎదురుపుల్లలు ఇరిసి కుప్పేసిండు.
"పెడ్దాం మామా, ఇంత మంట.
పోరడు గడ్డకడ్తుండు.
నిరుడు ఈ తోగులనే గుడ్డెలుగు
పోతక్క పెనిమిటి మొకం గీరలేదా?"

మామ వేలు నోట్ల పెట్టి తడిపి
చీకట్లకు సాపిండు.
"పొద్దుగూకినంక గాలి దిగువకు నడుస్తది.
కణుజు నీళ్లకొచ్చేది దిగువనే.
పొగ మనకంటె ముందే పోయి
మన పేర్లు, ఇంటిపేర్లు చెప్పొస్తది."

"గుంత తవ్వి పెడ్దాం, బండ సాటుకు."
"ఎదురు పేల్తది."
"తునికి కట్టె పెడ్దాం."
"తునికి చిటచిటలాడ్తది."
"నీ కోసం సప్పుడు లేని చెట్టు యాడ మొలుస్తదే మామా!"

మామ నవ్వలే. జరసేపాగి అన్నడు:
"మంట పక్కన కూసున్నోనికి మంటే కండ్లవడ్తది.
అడివి కండ్లవడది."

"కండ్లవడకుంటెనే
పానం నిమ్మలంగుంటది" అన్నడు దుగ్గయ్య.

ఇద్దరి మాటా నిజమే అనిపించింది నాకు.

మంట పెట్టలే.
గొంగడి ఒకటి, మనుషులం ముగ్గురం.
మామ తన కొసను నా దిక్కు గుంజి
ఉత్త అంగీ మీద కూసున్నడు.
గొర్రుకొయ్యలు నెత్తిమీదికెక్కి
పడమటి చెట్లల్లకు దిగినయి.
కొసరాత్రి నెల పొడిసింది.

అవతలొడ్డు ఎండుటాకుల మీద
ఒక అడుగు.
ఆగింది.
ఇంకొక అడుగు.
తోగుల నెల చెదిరింది,
అంటె మూతి పెట్టింది.
కొమ్ములు చూసిన. చూసిన్ననే అనుకుంటున్న.
మామ బర్మారు లేపుతుండు,
పాలకుండ లేపినట్టు.

అప్పుడు నా జేబుల
కిటకిట
కిటకిట.
వణికేది నేను, మాట్లాడేది పుల్లలు.
చెయ్యేసి ఒత్తిపట్టిన.
చెయ్యి కూడ నాదే గదా.

ఢాంక్! అని ఒక్క కూత.
అటెన్క గట్టు మీద రాళ్లు దొర్లుడు,
అటెన్క ఏం లేదు.

పెట్టని మంట సప్పుడు చేసింది.

మామ తిట్టలే.
తుపాకి దించి చెయ్యి సాపిండు. "తే."
ఆయనే గీసిండు. ఒక పుల్ల ఇరిగింది, రెండోది అంటుకుంది.
దుగ్గయ్య మూట ఇప్పి కందగడ్డలు నిప్పులల్ల దొర్లించిండు.
ఎదురు పేలితే ముగ్గురం ఉలిక్కిపడ్డం,
నవ్వినం.
మంట తప్ప ఏం కండ్లవడలే నాకు.
పానం నిమ్మలమైంది.

ఇప్పుడు అదే అడివిల నేను ఫైర్ వాచర్‌ని.
మామ లేడు. ఏట లేదు.
అడివి పందుల కోసం గుంజిన
కరెంటు తీగలు ఎతుకుడు, కోసి చుట్టుడు నా పని.
నిన్న రాత్రి అదే బండ మీద,
కొత్తగ చేరిన అజ్మీర తరుణ్
చేతులు సంకలల్ల పెట్టుకొని అడిగిండు:
"అన్నా, మంట పెడ్దామా?"

పెడితే తీగలోళ్లు చూసి తప్పుకుంటరు.
పెట్టకుంటే చూడక ఈడికే వస్తరు,
దొరుకుతరు,
లేకుంటె మనమే వాళ్లకు దొరుకుతం.

వేలు తడిపి చీకట్లకు సాపిన.
గాలి దిగువకే నడుస్తుంది.
వాడు నా వేలు దిక్కే చూస్తుండు.

జేబుల అగ్గిపెట్టె ఉంది.
పుల్లల సందున
తునికాకు ముక్క మడిసి దోపి ఉంటది,
కదలకుంట.