డబ్బాలోని మడత కాగితం

కాశీబుగ్గలో మా మందుల కొట్టు షట్టరు
సగం ఎత్తేసరికే
మెట్టు మీద డిల్లమ్మ.
"బాబూ, గేస్ బిళ్ల."
పేరు చెప్పదు. రంగు చెబుతుంది.

మొదట్లో అది గులాబి.
ఒకరోజు కంపెనీ కుర్రాడొచ్చి
అందులో ఏదో చెడు కలుస్తోందట, కొన్ని దేశాల్లో ఆపేశారట
అని టీ ఊదుకుంటూ చెప్పి
పసుపు డబ్బాలు దించి వెళ్లాడు.
ఆమెకు నేను చెప్పింది ఒకటే:
"రంగు మారింది, పని అదే."

పద్నాలుగేళ్లు.
చీకటితో ఒట్టి టీ పోసుకుని
పలాస జీడి బట్టీకి నడుస్తుంది.
పిక్క కొడితే చిమ్మే జిగురు
వేలి గీతలన్నీ తినేసింది.
రేషను మిషను ఆమెను ఆమె కాదంటుంది.
చేతుల మంటకు బూడిద రాసుకుంటుంది,
కడుపులో మంటకు నేనున్నాను.

నిన్న రక్తం కాగితం తెచ్చింది.
ఉద్దానంలో బడికెళ్లనివాళ్లకు కూడా
నోరు తిరిగే ఇంగ్లీషు మాట
క్రియాటినిన్.
రెండు పాయింట్ మూడు.

"ఏ మందులు మింగుతున్నావని అడిగినాడు డాకటరు.
నానేటీ మింగనని సెప్పీసినాను.
గేస్ బిళ్ల మందేటి బాబూ?"

నవ్వింది.
ఆమె మలుపు తిరిగాక
డబ్బాలోని కాగితం మడత విప్పాను,
ఇన్నాళ్లూ చెత్తబుట్టకే వేసిన దాన్ని.
చీమ తలకాయంత అక్షరాలు.
సెల్లు లైటు వేసి, కళ్లజోడు తుడిచి, మళ్లీ పెట్టుకుని...
ఎముకలు. బి-పన్నెండు. మూత్రపిండాలు.
ఎక్కువకాలం వాడితే,
కొందరిలో,
అరుదుగా.

అరుదుగా దగ్గర ఆగిపోయాను.
మా వీధిలో డయాలసిస్‌కి వెళ్లే ఆటో
రోజు విడిచి రోజు నిండే వెళుతుంది.
నీళ్లో, ఎండో, మరొకటో
పెద్దపెద్దవాళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు,
తేల్చలేదింకా.
ఇదే అనడానికి నేనెవర్ని?
ఇది కాదనడానికి మాత్రం నేనెవర్ని?

ఇవాళ మళ్లీ మెట్టు మీద.
చిల్లర అప్పటికే గాజు బల్ల మీద.
"ఈ డబ్బా పట్టుకెళ్లి డాక్టరుకి చూపించు, డిల్లమ్మా.
ఇన్నేళ్లు మింగానని చెప్పు.
ఎక్కడ కొన్నావంటే నా పేరు చెప్పు."
"సర్లే బాబూ. మరి ఇయాల్టి మంటకో?"

మా ఆవిడ కట్టిన నాలుగిడ్లీల పొట్లం
బల్ల మీదుగా జరిపాను.

గీతల్లేని వేళ్లతో అందుకుని
అటూ ఇటూ తిప్పి చూసి
అలవాటుగా అడిగింది:
"ఇది తిండికి ముందేటి, తరవాతేటి?"