ఏడో నంబరు సాల్టు

ప్రాక్టికల్స్ ముందు రోజు సాయంత్రం
సీసాల్లోంచి చిటికెడు చిటికెడు తీసి
పొట్లాలు కట్టి నంబర్లు వేసేది నేనే.
బ్రాడీపేట కాలేజీలో ల్యాబ్ అటెండర్ని.
సగం ఉప్పులు తెల్లగానే ఉంటాయి.
ఏడో నంబరు కట్టేటప్పుడు మాత్రం
వేళ్లు కాసేపు ఆగుతాయి.

సీసా మీద అమ్మోనియం క్లోరైడ్ అని ఉంటుంది.
మా ఇంట్లో దాని పేరు నవాసారం.

లాలాపేట సందులో
నేలలో గొయ్యి తీసి తిత్తి బిగించి
మా నాయన కాలేషా కళాయి వేసేవాడు.
తిత్తి నాది.
పెళ్లి వంటోళ్లు తెచ్చిన ఇత్తడి గుండిగ
నిప్పుల మీద తిరిగీ తిరిగీ కాగేది.
అప్పుడు దూది ఉండకి నవాసారం అద్ది
ఒక్క రుద్దు.
తెల్లటి పొగ లేచి మనిషి కనపడేవాడు కాదు,
దగ్గు మాత్రం వినపడేది.
పొగ విడిచేసరికి
మసీ చిలుమూ ఎటు పోయాయో,
కరిగిన తగరం దూది వెంట పరిగెత్తి
గుండిగ అడుగున నా మొహం నాకే కనపడేది.

ఉప్పే గదా, కూరలో వేసుకోకూడదా అంటే
నాలిక మీద ఓ రవ్వ పెట్టాడు.
ఉప్పన, వెంటనే చల్లన,
ఆ తర్వాత సూది పొడిచినట్టు.
"పులుసు చిలుమెక్కకుండా చూస్తది.
అంతవరకేరా దీని ఉద్యోగం."

స్టీలొచ్చింది.
గొయ్యి పూడ్చిన చోట ఎవరో సెల్‌ఫోన్ కవర్ల కొట్టు పెట్టారు.
నాయనకి దగ్గు మిగిలింది,
యార్డు వైపు నుంచి మిరప ఘాటు వీచిన రోజు మరీ.
పెద్దాసుపత్రిలో సిరప్ రాశారు.
మూతలోకి వంచుతూ సీసా వెనక చిన్నక్షరాలు చదివాను,
రెండో వరసలో అదే పేరు.
చెబితే నవ్వాడు. నవ్వు దగ్గయింది.
"నలభై ఏళ్లు పొగగా మింగించి
ఇప్పుడు తియ్యగా వచ్చి మాఫీ అడుగుతోందా!"

ఇవాళ మూడో బల్ల దగ్గర ఒక పిల్ల,
చేతిలో హాల్ టికెట్ చెమటకి మెత్తబడింది,
మేడం అటు తిరగ్గానే కళ్లతోనే అడిగింది.
పేరు చెబితే నా ఉద్యోగం పోతుంది.
"నీళ్లలో వేసి గాజుగొట్టం గుప్పిట్లో పట్టుకో తల్లీ" అన్నాను.
చల్లగా ఉంది సార్, అంది.
(నన్ను సార్ అనేది ఈ నాలుగు రోజులే.)
తర్వాత దారి తనకే దొరికింది.
సోడా ద్రావణం పోసి వేడి చేసి ముక్కు చిట్లించింది,
యాసిడ్‌లో ముంచిన గాజుకడ్డీ
గొట్టం మూతి దగ్గర పెట్టింది.

తెల్లటి పొగ.

ఆ పిల్ల గబగబా రాసుకుంటోంది.
నేను కిటికీ తెరిచే నెపంతో వెళ్లి
పొగ విడిచేదాకా అక్కడే నిలబడ్డాను,
ఎవరైనా దగ్గుతారేమోనని.