కొమ్ము ఉంగరం

పర్లాకిమిడిలో స్టూడియో మూసేస్తూ
పేడాడ గున్నయ్య ఈ పాత నికాన్ లెన్సు నా చేతిలో పెట్టాడు.
అంచున బూజు, రెక్కలకి నూనె.
నాది డిజిటల్ రేంజ్‌ఫైండర్, వేరే ఇంటిది;
మూతి కలవదు.

కొరియర్లో వచ్చిన అడాప్టరు
వెంట్రుకవాసి పల్చన.
అనంతం గుర్తు మీద పెడితే
మహేంద్రగిరి మసక.

కొమ్ముపని వీధిలో భగబాన్ మహారణా
దువ్వెనల్నీ సగం చెక్కిన కొంగనీ పక్కకి నెట్టి
గేదెకొమ్ము అరగదీశాడు.
కాలిన వెంట్రుకల వాసన.
ఎంత మందం, ఒడియాలో అడిగాడు.
కాగితమంత, తెలుగులో అన్నాను.
"ఏ కాగితం? పోస్టుకార్డా, పెళ్ళికార్డా?"
వేలితో తడిమి, ఊది, మళ్ళీ గీకాడు.

కొండ కుదిరింది.
కానీ కెమెరా కిటికీలోని రెండు బొమ్మలు
ఈ లెన్సు మాట వినవు,
ఎంత తిప్పినా ఒకటి కావు.
అంచేత టేపు పట్టి కొలిచాను:
అతని ముక్కు దాకా నాలుగున్నర అడుగులు.
కదలొద్దన్నాను.
వెనక్కి వాలి నవ్వాడు,
నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి.

తెర మీద చూస్తే
ముఖమంతా పొగమంచు.
ఆ చెయ్యి మాత్రం,
గోళ్ళ చీలికల్లో తెల్లటి కొమ్ముపొడితో సహా,
సరిగ్గా నాలుగున్నర అడుగుల దగ్గర.