మూడు చుక్కలు

నట్టు సులువుగానే వచ్చింది.
అదే నన్ను మోసం చేసింది.

ఎర్రగుంట్ల బైపాసు పక్కన, మా రేకుల షెడ్డులో
సిమెంటు దుమ్ము సూర్యునికంటే ముందే లేస్తుంది.
నాలుగేండ్లు ఆ దుమ్ములో నిలబడి
వచ్చిన నాలుగు చినుకులూ తాగి
సుబ్బలచ్చుమ్మ అంబాసిడరు
సగం కారు, సగం గోడ అయింది.

"డిక్కీలో పొయ్యి పెట్టుకుంటా.
పొద్దున షిఫ్టుకు ఫ్యాక్టరీ గేటు కాడ
ఉగ్గాణి, బజ్జీ.
నువ్వు చక్రాలు తిరిగేటట్టు చెయ్, సాలు" అనింది.
మూడు తిరిగినాయి.
ఎడమ వెనకది తిరగనంది.

హబ్బు యాక్సిల్‌ను కరుచుకోనుంది.
ఉడుంపట్టు అంటారు గానీ
ఉడుముకైనా ఎప్పుడో ఒకప్పుడు ఆకలైతుంది.

డీజిలు పోసినా. తాగింది.
సుత్తితో కొట్టినా. మోత రేకుల్లోకి పోయింది గానీ
లోపలికి వెంట్రుకంత కూడా పోలేదు.
గ్యాసు మంట పెడితే నాగూరు,
వానికి మీసం ఇంకా ఒక పక్కే వచ్చింది,
"అన్నా, ఎర్రగయింది, వచ్చేస్తాది" అని ఎగిరినాడు.
ఎర్రగయింది. మళ్లా నల్లగయింది.
అంతే.

అప్పుడు తిట్టడం మొదలుపెట్టినా.
ఇనుమును కాదు, ఇనుమును తిడితే ఏమొస్తుంది,
దీన్ని ఇంతకు ముందు బిగించినోన్ని.
వాని చేతుల్ని తిట్టినా.
వానికి పని నేర్పినోన్ని తిట్టినా.
"పానాకు పైపు తొడిగినాడ్రా, ఎద్దు నా కొడుకు.
పెండ్లాం మీది కోపం నట్టు మీద తీర్చుకున్నాడు."
నాగూరు నవ్వినాడు. నాకు హుషారొచ్చింది.
వాని ఊరు, వాడు తాగిన సారాయి, వాని మేనమామ
అన్నీ నేనే పుట్టించి తిట్టినా.

మూడో నాటి సాయంత్రం
మూడు కాళ్ల పుల్లరు తగిలించి, నడిమి బోల్టు బిగించి,
నట్టును చివర రెండు మరల మీద వదిలేసి
చేతులు కడుక్కున్నా.
మాబు సాబు ఉన్నప్పుడు అంటాండె:
"బిగించి పక్కకు పోరా.
ఇనుముకు సిగ్గెక్కువ,
మనం చూస్తాంటే కదలదు."

షెడ్డులోనే పడుకున్నా, నవారు మంచం మీద.
బొగ్గు గూడ్సు ఒకటి, చాలాసేపు పోయింది.
రెండు దాటినాక
ఒకే ఒక్క దెబ్బ.
మా పక్క ఊర్లలో అర్ధరాత్రి అట్లాంటి శబ్దానికి
ఎవరూ వెంటనే లైటు వెయ్యరు.
కుక్కలు కూడా కొంచెం ఆలోచించి మొరిగినాయి.

సెల్లు వెలుతురు వేసి చూసినా.
హబ్బు నట్టు మీద వాలి ఉంది,
తిరునాళ్లలో నిద్రపోయిన పిల్ల
భుజమ్మీద తల వాల్చినట్టు.

తీసి, గుడ్డతో తుడిచినా.
లోపలి అంచున పంచుతో కొట్టిన మూడు చుక్కలు.
రెండు దగ్గరగా, ఒకటి దూరంగా.
ఎందుకు దూరమంటే
ఆ దినం మూడో దెబ్బ నా బొటనవేలి మీద పడింది.
గోరు ఇప్పటికీ వంకరే.

పైపు తొడిగింది నిజమే.
కోపమూ నిజమే.
పెండ్లాం మీద కాదు, అప్పటికి నాకు పెండ్లి కాలేదు,
మాబు సాబు మీద.
పది మంది ముందర
"నీ చేతికి బరువు లేదురా" అన్నాడు.
బరువు చూపించినా.
పదకొండేండ్ల కిందటి నా చెయ్యి
ఇప్పటి నా చేతిని
మూడు దినాలు పని చెయ్యనియ్యలేదు.

తెల్లారి నాగూరు
"ఎవడన్నా వాడు, గుర్తేమన్నా దొరికిందా?"
"ఎవడో" అన్నా, హబ్బు మీద గుడ్డ సర్దుతా.

కొత్త కీ వేసి నట్టు బిగించేటప్పుడు
చెయ్యి పైపు కోసం పోయింది.
పోయి, టీ గ్లాసు తీసుకోని వచ్చింది.

బిల్లులో మూడు దినాల కూలి రాసినా.
సుబ్బలచ్చుమ్మ బేరానికి నోరు తెరవక ముందే
రెండు కొట్టేసినా.
"ఏందబ్బా ఇంత ధర్మం" అనింది.

నాగూరు ఏమీ అనలేదు.
నా వంకర గోరు వైపు ఒకసారి చూసి
పైపును తీసుకపోయి
పాత టైర్ల వెనక పెట్టినాడు.