నకలు ఇప్పించగలరు

పౌర సమాచార అధికారి గారికి,
నగరపాలక సంస్థ, కడప.

అయ్యా,
ఏడు రోడ్ల కాడ, రెండో సందు మొగదాల
జాకెట్లు కుట్టే దస్తగిరమ్మ రాసుకునేది.
రాత నాది కాదు, జిరాక్సంగడి పిల్లోడిది.
మాట నాది.

మార్చి నెల రెండో బేస్తవారం
లైనింగు గుడ్డకని ఇట్ల పోయి అట్ల వచ్చేలోపల
నా టీవీఎస్ బండి లేదు.
నేల మీద సుద్దముక్కతో గీసిన గుండ్రం,
అందులో ఒక నెంబరు.
మనిషి పడిన చోట పోలీసులు గీస్తారే, అట్లుండాది.

ఐదొందలు కట్టి తెచ్చుకున్నా.
రెండు లైనింగు జాకెట్ల కూలి.

"నో పార్కింగ్ బోర్డు సూడలేదా" అనిరి.
సూడనీకి వెనక్కి పోయినా.
బోర్డు ఉండాది. లేదని అనను.
దాని ముందర ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ
దండం పెట్టుకోని నిలబడుండాది.
ఆయప్ప చంక కాడ,
నేను జాకెట్టుకు గుండ్రంగా కత్తిరించే తావులో,
బోర్డు ముక్కొకటి బయటికి కనపడతాంది:
"కింగ్".

అందుకని అడగతాండా.
ఆ బోర్డు ఏ తేదీన నాటినారు, ఎవరి తీర్మానం,
దాన్ని కప్పనీకి ఫ్లెక్సీకి పర్మిషన్ ఇచ్చిందెవరు,
ఆ నెలలో ఎన్ని బండ్లు ఎత్తకపోయినారు,
ఫ్లెక్సీని ఎందుకు ఎత్తకపోలేదు.
(ఆఖరిది సమాచారం కిందికి రాదని పిల్లోడు కొట్టేసినాడు.
గీత కింద కనపడతానే ఉంటాది, సదువుకోండి.)

తెల్లకార్డోళ్లకు ఫీజు లేదంట.
అయినా పది రూపాయల స్టాంపు అంటించినా.
ఊరికే అడిగిందనే మాట నాకొద్దు.

*

ముప్పై దినాలనిరి.
ముప్పై మూడో దినం వచ్చింది కవరు:
బోర్డు మాది కాదు, ట్రాఫిక్ పోలీసులది.
ఆడనుంచి ఇంకో కవరు:
బోర్డు మాది కాదు, కార్పొరేషన్‌ది.
ఎండలో, ఎవరికీ పుట్టని బిడ్డ మాదిరి
ఒంటికాలి మీద నిలబడుండాది ఇనప బోర్డు.
దాన్ని చూస్తే ఇప్పుడు నాకే జాలి.

అప్పీలుకు పోతే పెద్దసారు కండ్లద్దాలు తీసి
"ఐదొందలకు ఇంత తిరుగుడేందమ్మా" అనె.
ఆటో చార్జీలు, జిరాక్సులు, తప్పిపోయిన బేరాలు,
ఆ లెక్క నేనూ ఏసుకున్నా సారూ.
అరంగుళం తప్పితే జాకెట్టు తిరిగొస్తాది నా కాడికి.
కుట్లిప్పి మళ్ల కుడతా, కూలి అడగను.
మీ కాడికి ఏదీ తిరిగిరాదా?

ఆయన పలకలే. బెల్లు కొట్టె.

*

కడాకు వచ్చినాయి కాయితాలు.
పేజీకి రెండు రూపాయల లెక్కన పదకొండు పేజీలు.
గుడ్డ కాదని తెలుసు, అయినా వేళ్లతో తడిమి చూసినా.
పేరు, బండి నెంబరు, జరిమానా,
ఆఖరి గడిలో "తప్పు ఒప్పుకున్నారు".
నూట తొంభై నాలుగు బండ్లు.
నూట తొంభై నాలుగు సార్లు "తప్పు ఒప్పుకున్నారు".

సూదిలో దారమెక్కించే కన్ను నాది.
అదంతా ఒకే చేతి కుట్టు.
అదే వంపు, అదే సిరా, "ప్పు" కాడ అదే తొందర.
కోడలికి నొప్పులని పెద్దాసుపత్రి ముందర
బండి పారేసి ఉరికిన ఓబుళేసు గుడక
నిదానంగా నిలబడి ఒప్పుకున్నాడంట.
డెబ్బై ఒకటో వరసలో నేను.

ఆ దినం నేను నోరు తెరిచింది ఒక్కసారే,
రసీదు అడగనీకి.

అందుకే అయ్యా, ఇది రెండో దరఖాస్తు.
బోర్డు సంగతి ఇడిసిపెట్టినా.
దస్తగిరమ్మ అనే నేను
తప్పు ఒప్పుకున్న తేదీ, సమయం,
ఎవరి ముందర, ఏ మాటలతో,
ఉన్నది ఉన్నట్టు నకలు ఇప్పించగలరు.

స్టాంపు రవ్వంత వంకరగా అతుక్కునింది.
ఆ తప్పు నాదే.
ఒప్పుకుంటాండా.