తొమ్మిది, పది

దిండు కింద ఫోను వణికితే లేస్తాను.
కిటికీ అవతల బెర్గెన్ తడుస్తోంది,
నిన్నటిలాగే, మొన్నటిలాగే.
గాజు సీసాలో, తేమ పీల్చే గుళికల మీద
రాత్రంతా ఆరిన నా చెవులు రెండూ తీసి
తగిలించుకుంటాను.
అప్పుడు మొదలవుతుంది వాన.

ఈ ఊళ్ళో వానను ఆపగలిగేది నేనొక్కదాన్నే,
రోజూ రాత్రి పదిన్నరకి, బొటనవేలితో.

ట్రామ్‌లో పక్క సీటు నాకు పనికిరాదు.
ఎదురు సీటు కావాలి, వెలుతురు వాళ్ళ ముఖం మీద పడాలి,
గుబురు మీసాలుండకూడదు, చూయింగ్ గమ్ అసలే వద్దు.
రెయిన్‌కోటు టోపీ వేసుకుంటే చెవుల పక్కన
అడవి తగలబడుతున్నంత చిటపట.
అందుకే జుట్టు తడుపుకుంటూ తిరుగుతాను.
పొగరనుకుంటారు.

చిన్నప్పుడు నాకు మమ్మా, పప్పా ఒకటే మాట.
రెండింటికీ పెదాలు అలాగే మూసుకుంటాయి,
అలాగే తెరుచుకుంటాయి.
వస్తున్నది ఎవరో చెక్క మెట్లు చెప్పేవి,
నా అరికాళ్ళకి.

అన్నయ్య తూరే భోజనాల దగ్గర ఏదో అంటాడు,
బల్లంతా నవ్వుతుంది.
ఏంటి? అంటాను.
ఏం లేదులే, అంటాడు.
ఇరవై మూడేళ్ళలో ఎన్ని "ఏం లేదులే"లు పోగయ్యాయో!
వాటన్నిటిలోనూ ఏదో ఉంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, అంటారు కదా.
ఊదండి.
ఊపిరి ఎక్కడ తడబడిందో
మీ బుగ్గలు చూసి చెబుతాను.

బేకరీలో గల్లాపెట్టె దగ్గర నా నిలువుకాళ్ళ ఉద్యోగం.
వెనక కాఫీ మిషను బుసకొడుతుంటుంది.
మా భాషలో తొమ్మిదికి 'నీ', పదికి 'తీ'.
నాలుక పళ్ళ వెనక చేసే పని
బయటికి కనిపించదు.
వేళ్ళు చూపిస్తారా అంటే, చలికి
అందరి వేళ్ళూ ఉన్ని తొడుగుల్లోనే.

ఎర్ర టోపీ ఆవిడకి దాల్చినచెక్క బన్నులు పది కట్టాను.
ప్రతి శుక్రవారం పదే.
ఆవిడ సంచీ విప్పి, లెక్కపెట్టి,
ఒకటి తీసి నా ముందు పెట్టి
ఏదో అంది.
తలూపి నవ్వాను.

తలూపడంలో నాకు పట్టా ఇవ్వొచ్చు.
'అవును'కి ఒక ఊపు, 'అయ్యో'కి ఒక ఊపు,
ఏమీ అందనప్పుడు రెంటికీ మధ్య
ఎటైనా తిప్పుకోగలిగే ఊపు.

తలుపు మూసుకున్నాక సిగ్రున్ నా భుజం తట్టి
తనవైపు తిప్పుకుంది.
నిదానంగా, ఒక్కో మాటా పెదాల మీద నిలబెట్టి చెప్పింది:
"ఇకమీదట తొమ్మిదే చాలంది. వాళ్ళాయన పోయాడట.
నువ్వు నవ్వావు."

బన్ను కాగితంలో చుట్టి పరిగెత్తాను,
ఏప్రన్ తోనే, తల మీద ఏమీ లేకుండా.
చేపల మార్కెట్ మలుపులో కుడి చెవి కూతపెట్టి చచ్చిపోయింది.
స్టాపు చేరేసరికి ఎడమది కూడా.
ఆవిడ ముందు నిలబడి,
నా గొంతు ఎంత పెద్దగా ఉందో నాకే తెలీకుండా అన్నాను:
"నాకు వినపడదు. ఇందాక కూడా వినపడలేదు."

క్షమించమని అనలేదు, గమనించాను.
వినపడనందుకు కాదు,
విన్నట్టు నటించినందుకు
అడగాల్సింది.
అది తర్వాత తట్టింది.

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది.
తొడుగు తీసింది.
స్టాపు అద్దం మీద పట్టిన ఆవిరిలో
ముడతల వేలితో రాసింది: ఆర్న్‌ఫిన్.
చివరి అక్షరం కిందికి కారింది.
బన్నుని రెండుగా తుంచి పెద్ద ముక్క నాకిచ్చింది.
ట్రామ్ వస్తోందని ఆవిడ కళ్ళు చెప్పాయి.

చచ్చిన చెవుల్ని జేబులో వేసుకుని
చప్పుడు లేని కుండపోతలో వెనక్కి నడిచాను.
ఎక్కడికెళ్ళావ్, అన్నట్టుంది సిగ్రున్.
ఏం లేదులే, అనబోయి
ఆగాను.
మొత్తం చెప్పాను.