పది కిలోమీటర్లు

మొన్న రాత్రి రెండు దాటినంక
దేవరకొండల నా అద్దె గదిల
స్టీలు డబ్బాలు ఒకదాన్నొకటి గీరుకున్నయ్.
అంతే.
పక్కింటి కుక్క సుత లేవలే.

తెల్లారి డిగ్రీ కాలేజీ, స్టాటిస్టిక్స్ పీరియడ్.
"చిన్నదైనా కదిలింది కదా సార్,
లెక్క గడదాం" అన్నది కేతావత్ దేవ్లి.

పాత పట్టికలు దించినం. యాభై మూడు కంపాలు.
అడ్డంగ లోతు, నిలువుగ తీవ్రత.
పదునుల ఆముదం గింజలేసినట్టు వంగి
ఒక్కొక్క చుక్కా పెట్టింది దేవ్లి.

లోతుకు పోయినకొద్దీ పెద్ద దెబ్బనా?
పైకొచ్చినకొద్దీ గట్టి అదురా?
క్లాసు రెండు పక్షాలయింది.
సగట్లు తీసి, తేడాలు గుణించి,
వర్గమూలం కాడ తప్పి, తుడిచి, మళ్ల చేస్తే
సాయంత్రానికి తేలింది:
సున్నా పాయింట్ సున్నా ఆరు.
ఏం లేదన్నట్టే.
ఆ ఆరు సుత మా పెన్సిలు వణుకేమో.

"మా బాపు ఏడు బోర్లేసిండు సార్.
రెండొందల ఫీట్ల కాడ తడి దుమ్ము,
ఆరొందల కాడ పొడి దుమ్ము.
లోతుకూ నీళ్లకూ చుట్టరికం లేదని
ఏ గుణకం లేకుంటనే ఎరుకైంది.
లోతుకూ అప్పుకూ అయితే
నిండు ఒకటి."

అప్పుడు కండ్ల వడ్డది.
పది కాడ చుక్కలన్నీ
దారానికి గుచ్చిన పూసల తీరు నిలువుగ.
పంతొమ్మిది కంపాలు
సరిగ్గ పది కిలోమీటర్ల లోతుననే పుట్టినయట.
గుండ్రటి అంకె మీద భూమికెందుకో అంత మోజు?

చెప్పిన:
లోతు దొరకాలంటే యంత్రం దగ్గర్ల ఉండాలె.
దూరం నుంచి విన్న చప్పుడుకు లోతు అందకుంటే
పది అని రాసి పెడతరు.

"మా నాయనమ్మ పుట్టినరోజు లెక్కన" అన్నది దేవ్లి.
"ఇప్పపూలు రాలంగ పుట్టిన అన్నదామె.
ఆ గడిల ఇప్పపూలు పట్టలే.
మా తండా ముసలోళ్లందరిదీ
ఆధార్ల జనవరి ఒకటే."

ఆ పంతొమ్మిదీ తీసేసి చూద్దామన్నరు ఎన్క బెంచోళ్లు.
రబ్బరు నా చేతిలనే ఉండె.
"తియ్యొద్దు సార్.
ముసలోళ్లను ఇడిశిపెట్టి
తండాను లెక్కిచ్చినట్టయితది."
చుక్కలను చెరిపి, వాటి జాగల
నడుమ ఖాళీగున్న గుండ్రాలు గీసింది.
కింద రాసింది: కదిలినయ్, ఎంత లోతునో తెల్వదు.

రాత్రి చూస్తే మొన్నటిది సుత ఎక్కింది పట్టికల.
తీవ్రత రెండుంబావు. లోతు పది.
దేవ్లికి ఫోన్ చేసిన, ఇంకో గుండ్రం గియ్యమని.
డబ్బాలు అట్లనే ఒకదానికొకటి ఆనుకోని ఉన్నయ్.
ఇంకా సర్దలే.